కాగితం రైలు చక్రాలు ఎందుకు వంగుతాయి, నాలుగేళ్ళ పిల్లాడితో ఎలా చేయించాలి

మీరు అడిగింది ఇదీ: బాబుకి నాలుగేళ్ళు, పాపకి ఆరున్నర. సెలవులు కదా అని వీడియో చూసి ఏ4 కాగితంతో రైలు చేశారు. చక్రాలు వంగిపోయి బండి ఒక పక్కకి ఒరిగింది. తాడు కట్టి లాగితే ఇంజను ముక్కు నేలకి పొడుచుకుంది, రెండో డబ్బా దగ్గర కాగితం చిరిగింది. బాబు పది నిమిషాలకే లేచి వెళ్ళిపోయాడు, మిగతాదంతా మీరే చేశారు. వచ్చే ఆదివారం బాబు పుట్టినరోజుకి అపార్టుమెంటు పిల్లలు ఎనిమిది మంది వస్తారు, వాళ్ళతో కూడా చేయించవచ్చా అన్నారు.

చేయించవచ్చండీ. ముందు చక్రాల సంగతి చూద్దాం. మిగతా తప్పుల్లో సగం అక్కడినుంచే వచ్చాయి.

వీడియోల్లో చక్రాన్ని డబ్బా పక్కగోడకి అంటించి, సగం కిందికి వేలాడేలా పెడతారు. ఫొటోకి బాగుంటుంది. నేల మీద పెట్టగానే బండి బరువంతా ఆ నాలుగు కాగితం బిళ్ళల అంచు మీద పడుతుంది. కాగితం నిలువుగా ఎంతో కొంత ఓర్చుకుంటుంది గానీ, పిల్లాడు పైనుంచి ఒక్కసారి నొక్కితే చాలు, బిళ్ళ లోపలికి మడత పడుతుంది. ఒకసారి మడత పడ్డ చోట మళ్ళీ బలం రాదు. అందుకని నాలుగేళ్ళ పిల్లల రైలుకి తిరిగే చక్రాలూ వద్దు, బరువు మోసే చక్రాలూ వద్దు. డబ్బా అడుగు నేల మీద జారాలి, చక్రం పక్కన అలంకారంగా ఉండాలి. చక్రం కింది అంచు నేలకి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు పైనే ఆగాలి. దూరం నుంచి చూస్తే ఆ సందు కనిపించదు.

ఆ సందు కొలవడానికి స్కేలు అక్కర్లేదు. డబ్బాని బల్ల మీద పెట్టి, దాని పక్కనే రెండు పాత ఏటీఎం కార్డులు ఒకదాని మీద ఒకటి పరచండి. చక్రాన్ని ఆ కార్డుల మీద నిలబెట్టి గోడకి ఆనించి అంటించమనండి. నాలుగేళ్ళ పిల్లాడు కూడా అన్ని చక్రాలూ ఒకే ఎత్తులో అంటించగలడు. మన ఇళ్ళలో టైల్సు మీద ఇలాంటి బండి హాయిగా జారుతుంది. పాత ఇళ్ళలో షాబాదు బండలుంటే మాత్రం బండల మధ్య సందుల్లో డబ్బా ముందంచు తట్టుకుంటుంది. అడుగున పొడవుకి ఒక సెల్లోటేపు ముక్క అంటించి, దాని చివర ముందుగోడ మీదికి ఎక్కిస్తే తట్టుకోవడం తగ్గుతుంది.

ఇక కాగితం. మీరు వాడిన ఏ4 జిరాక్సు కాగితం 70, 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు ఎన్ని గ్రాములో ఆ లెక్క) ఉంటుంది, రాయడానికే గాని డబ్బాకి చాలదు. చార్టు తీసుకోండి. చార్టుల్లోనూ పల్చనివి చాలా వస్తున్నాయి, కాబట్టి ఒక పరీక్ష పెట్టండి: 16 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు ముక్క కత్తిరించి, ఒక చివర రెండు వేళ్ళతో పట్టుకోండి. అవతలి చివర తమలపాకులా వాలిపోతే అది కిటికీలకీ పూలకీ పనికొస్తుంది, డబ్బాకి కాదు. కొంచెం వంగి నిలబడితే చాలు. మరీ మందమైన అట్ట కూడా వద్దు, పిల్లల కత్తెరకి లొంగదు, మడతలో పగులుతుంది.

అన్నిటికన్నా మంచి ముడిసరుకు ఇంట్లోనే ఉంటుంది: పాత శుభలేఖలు. మందం సరిగ్గా సరిపోతుంది, రంగులూ ఉంటాయి. రెండు జాగ్రత్తలు. మెరిసే ప్లాస్టిక్ పొర ఉన్నవైపు ఫెవికాల్ పట్టదు, ఎండాక పొరతో సహా ఊడొస్తుంది. అతికే చోట గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్దండి, లేదా ఆ వైపు బయటికి పెట్టి లోపలి వైపు అతికేలా చూసుకోండి. రెండోది, వినాయకుడి బొమ్మ ఉన్న ముక్క ముందే కత్తిరించి పక్కన పెట్టండి. నేల మీద ఈడ్చే బండికి అది అంటిస్తే ఇంట్లో అమ్మమ్మలు ఊరుకోరు. శుభలేఖలు లేకపోతే హైదరాబాదు ఛత్తాబజారులో కార్డులు అచ్చువేసే ప్రెస్సుల దగ్గర అంచులు కత్తిరించగా మిగిలిన ముక్కలుంటాయి, అడిగి చూడండి. మామూలు చార్టు, జిగురు అయితే మీ వీధి జిరాక్సు షాపులో దొరికేవే, కోఠీ దాకా వెళ్ళక్కర్లేదు. మిఠాయి డబ్బాల అట్ట వాడాలనుకుంటే నెయ్యి మరక లేని ముక్కలే తీసుకోండి. నెయ్యి ఉన్న చోట జిగురు పట్టదు, పైగా రాత్రికి చీమలు వచ్చేస్తాయి.

పరీక్షకి 16 × 10 సెం.మీ. ముక్క అన్నాను కదా, డబ్బాకీ అదే కొలత, దానికో కారణం ఉంది. ఒక ఏ4 సైజు చార్టులో (29.7 × 21) ఈ ముక్కలు సరిగ్గా మూడు వస్తాయి: రెండు ఒక వైపుగా, మిగిలిన చోట ఒకటి అడ్డంగా. ఇంకా 3.7 సెం.మీ. వెడల్పు పట్టీ మిగులుతుంది, పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు కాబట్టి అందులో ఏడు చక్రాలు గీసుకోవచ్చు. చక్రాలకి అచ్చుగా ఆ బిళ్ళే వాడండి.

ముక్క మీద నాలుగు వైపులా అంచునుంచి 3 సెం.మీ. లోపలికి పెన్సిలు గీతలు గీయండి. మధ్యలో 10 × 4 అడుగు వస్తుంది, చుట్టూ 3 సెం.మీ. ఎత్తు గోడలు, నాలుగు మూలల్లో నాలుగు చదరాలు. ఆ చదరాలే అతుకు రెక్కలు. ఇప్పుడు కత్తిరించాల్సింది నాలుగు చీలికలే, ఒక్కోటి 3 సెం.మీ. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. చీలిక 16 సెం.మీ. అంచునుంచి లోపలికి రావాలి. అప్పుడు రెక్కలు పొట్టి గోడలకి అంటుకుని ఉండి, మడిచినప్పుడు పొడుగు గోడల వెనక్కి వెళ్తాయి. అక్కడ 10 సెం.మీ. చోటుంది, రెండు రెక్కలూ సుఖంగా పడతాయి. 10 సెం.మీ. అంచునుంచి చీలిస్తే రెక్కలు రెండూ 4 సెం.మీ. గోడ వెనక ఒకదానిమీద ఒకటి ఎక్కి, ముందు గోడ బూరెలా ఉబ్బుతుంది. ఆ గోడకే తాడు కట్టాలి, అది చదునుగా ఉండాలి. చీలిక మడత గీతకి ఒక మిల్లీమీటరు ముందే ఆపండి. దాటితే అడుగు మూలలో కన్నం పడి, చిరుగు అక్కడినుంచే మొదలవుతుంది.

మడిచే ముందు గీతల మీద ఒత్తు పెట్టాలి. అయిపోయిన బాల్‌పెన్ను, స్కేలు చాలు: గీత వెంట స్కేలు ఆనించి గట్టిగా ఒకసారి లాగండి, గాడి పడుతుంది. బ్లేడుతో లీలగా కోసి మడిచే పద్ధతి పెద్దల మోడళ్ళకి సరే, పిల్లలు పట్టుకుని ఆడే బండిలో ఆ కోతే వారం తిరక్కుండా తెగుతుంది. ఒత్తు పెట్టకుండా వట్టి చేత్తో మడిస్తే మడత గీత తప్పుతుంది, గోడలు వంకరపోతాయి, ఆ వంకరని జిగురుతో సరిచేయబోతే ఇంకో వంకర వస్తుంది. ఇంకొక్క మాట: చార్టుకి ఒక వైపు సులువుగా వంగే గుణం ఉంటుంది. రెండు వైపులా కొద్దిగా వంచి చూస్తే చేతికే తెలుస్తుంది. వంగకుండా మొండికేసే వైపు డబ్బా పొడవుకి వచ్చేలా గీసుకుంటే అడుగు మధ్యలో కుంగదు.

నిజం రైలు లెక్కలో చూస్తే 10 సెం.మీ. పొడవు చాలా పొట్టి. మన ఎక్స్‌ప్రెస్ రైళ్ళ కొత్తరకం (ఎల్‌హెచ్‌బీ) బోగీ సుమారు 24 మీటర్ల పొడవు, 3.24 మీటర్ల వెడల్పు. మన 4 సెం.మీ. వెడల్పుకి ఆ లెక్కన బోగీ ఏ4 కాగితం పొడవంత రావాలి. అంత పొడవు చేస్తే మధ్యలో దిగబడుతుంది, సోఫా కాలు దగ్గర తిరగదు. పిల్లలు కొలతలు అడగరు, తిరగాలి అంతే.

ఇంజను విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. గుండ్రటి బాయిలరు, పొగగొట్టం ఉన్న బొగ్గు ఇంజను పెద్దల జ్ఞాపకం. హైదరాబాదులో నాలుగేళ్ళ పిల్లాడు చూసేది మెట్రో, ఎంఎంటీఎస్ లోకల్ రైలు, సికింద్రాబాద్ స్టేషన్‌లో కరెంటు ఇంజను. ఇవన్నీ చదరపు డబ్బాలే, చేయడమూ సులువే. మెట్రో కావాలంటే మరీ సులువు: మన మెట్రోకి మూడే బోగీలు, ముందూ వెనకా ముఖాలుంటాయి, ఇంజనంటూ వేరే లేదు. జూపార్కులో బొమ్మ రైలెక్కిన పిల్లలు పొగగొట్టమే కావాలని పట్టుబడితే ఆ కొలతలూ కింద ఇస్తున్నాను.

కరెంటు ఇంజనుకి ఒక మామూలు డబ్బా, దాని మీద మూతలా దిగే ఇంకో డబ్బా కావాలి. మూత ముక్క 16.2 × 10.2 సెం.మీ., గోడలు అదే 3 సెం.మీ. రెండు మిల్లీమీటర్లే తేడా, అయినా అది లేకపోతే మూత దిగదు, బలవంతం చేస్తే మూలలు విచ్చుకుంటాయి. మూతని పూర్తిగా దించకుండా ఒక సెంటీమీటరు మాత్రం కప్పేలా ఉంచి అంటిస్తే 5 సెం.మీ. ఎత్తు ఇంజను వస్తుంది. మూయకముందే లోపల, మధ్యలో, చిన్న జిప్ కవరులో రెండు చెంచాల బియ్యం పోసి టేపుతో అంటించండి. వట్టి కాగితం ఇంజను మరీ తేలిక, తాడు లాగినప్పుడల్లా గాల్లోకి లేస్తుంది. పైకప్పు మీద కరెంటు అందుకునే పంటోగ్రాఫుకి 1 × 13 సెం.మీ. పట్టీని మూడేసి సెంటీమీటర్లకి మడిచి, మిగిలిన సెంటీమీటరు అతికితే గాలిపటం ఆకారం వస్తుంది. దాన్ని కింది మూల దగ్గర రెండువైపులా చిన్న టేపు ముక్కలతో నిలబెట్టండి. ఆడేటప్పుడు మొదట విరిగేది అదే, రెండు అదనంగా చేసి పెట్టుకోండి.

బొగ్గు ఇంజనుకి ఒక డబ్బాని బోర్లించండి, అదే పీఠం. ముందు 6 సెం.మీ. బాయిలరు, వెనక 4 సెం.మీ. క్యాబిను. బాయిలరుకి 6 × 13 ముక్క: 13 వైపు చుట్టి ఒక సెంటీమీటరు ఒకదానిమీద ఒకటి ఎక్కించి అంటిస్తే 3.8 సెం.మీ. వ్యాసం వస్తుంది, 4 సెం.మీ. పీఠం మీద సరిపోతుంది. చుట్టే ముందు ముక్కని బల్ల అంచు మీద అటూ ఇటూ రెండుసార్లు ఈడిస్తే అది దానంతటదే చుట్టుకుంటుంది, లేకపోతే మడతలు పడి పలకలు పలకలుగా వస్తుంది. బాయిలరు ఊడిపోవడానికి కారణం జిగురు తక్కువై కాదు. గుండ్రటిది చదును మీద సన్నటి గీతలా మాత్రమే ఆనుతుంది. అందుకని అతుకు ఉన్న భాగాన్ని కిందికి పెట్టి, ఆ సెంటీమీటరు వెడల్పుని లోపలినుంచి పెన్సిలుతో నొక్కి చదును చేసి అప్పుడు అంటించండి. క్యాబినుకి 17 × 8 ముక్క: నాలుగు 4 సెం.మీ. గోడలు, ఒక సెంటీమీటరు రెక్క. పైనా కిందా ఒక్కో సెంటీమీటరు లోపలికి మడిచే అంచులు, మూలల దగ్గర చీల్చినవి. అంచులు లేకుండా గోడల కొసల మీద నిలబెడితే జిగురుకి పట్టు దొరకదు. పైకప్పు 5 × 6 ముక్క. పొగగొట్టానికి 6 × 3 ముక్క చుట్టి, కింది కొసలో ఏడెనిమిది మిల్లీమీటర్ల లోతు నాలుగు చీలికలు పెట్టి పువ్వులా విప్పి అంటించండి. ఇదంతా పెద్దవాళ్ళ పని, ముందురోజే అయిపోవాలి.

జిగురు. ఫెవికాల్ సీసా పిల్లాడి చేతికి ఇవ్వకండి, ఇస్తే సగం సీసా ఒక్క కిటికీకి పోతుంది. సీసా మూతలో ఒక చెంచా పోసి, చెవుల్లో పెట్టుకునే దూది పుల్లో ఐస్‌క్రీం పుల్లో ఇవ్వండి. ఒక చక్రానికి కందిగింజంత చుక్క, ఒక అతుకు రెక్కకి అలాంటివి మూడు. ఎక్కువైతే గట్టిగా అంటుకుంటుందనుకుంటాం, జరిగేది వేరు: అందులోని నీటికి కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది, జారి పక్కకి పోతుంది, ఎండడానికి అరగంట పడుతుంది, అంతసేపు పిల్లాడు ఆగడు. రెక్కల మీద బట్టల క్లిప్పు పెట్టి అయిదు నిమిషాలు వదిలేయండి. క్లిప్పులు పెట్టడం, తీయడం పిల్లల పని, వేళ్ళకి బలం కూడా. కిటికీలు, రంగు కాగితాలు వంటి చదును పనికి గ్లూ స్టిక్ మేలు, ముడత రాదు. కాని మడత రెక్కలకి దాని పట్టు చాలదు, సాయంత్రానికి విచ్చుకుంటాయి. మే నెల ఎండకి ఫ్యాను కింద ఫెవికాల్ చుక్క మీద రెండు నిమిషాల్లోనే పొర కట్టేస్తుంది, అన్నిటికీ ఒకేసారి రాయకుండా ఒక్కో ముక్కకి రాసి అంటించండి. వానాకాలంలో దీనికి తలకిందులు, ఆరడానికి రెట్టింపు సమయం వదలండి.

మైదా జిగురు చేసుకుంటానంటే పావు కప్పు మైదా, ఒక కప్పు నీళ్ళు ఉండల్లేకుండా కలిపి, సన్నమంట మీద చిక్కబడేదాకా తిప్పండి. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులుంటుంది. పాతకాలంలో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసేవాళ్ళు. అది విషం, పిల్లలు ముట్టుకునే జిగురులో చిటికెడు కూడా వద్దు. ఈ జిగురుతో చేసిన బండిని బొద్దింకలు కొరుకుతాయని కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు ముక్కు నేలకి పొడుచుకోవడం, చిరగడం. తాడు బాయిలరు మీదో పైకప్పు దగ్గరో కట్టి ఉంటారు. పైన కట్టి ముందుకి లాగితే అడుగు నేలకి పట్టుకుంటుంది, పైభాగం ముందుకి వంగుతుంది. ముందుగోడలో అడుగునుంచి ఒక సెంటీమీటరు ఎత్తులో, సరిగ్గా మధ్యలో కన్నం పెట్టండి. అలాగని తాడు మరీ పొట్టిగా ఉండకూడదు: నిలబడ్డ పిల్లాడు లాగితే అది పైకే లాగుతుంది, ఇంజను ముక్కు లేస్తుంది. మీటరు పొడవుంటే నేలకి దగ్గరగా లాగినట్టవుతుంది. అంత పొడవు తాడు మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది కనుక మీరు ఎదురుగా ఉన్నప్పుడే ఆడనివ్వండి, ఆట అవగానే విప్పి తీసేయండి.

డబ్బాకీ డబ్బాకీ మధ్య కాగితం పట్టీలు అంటించకండి. తిన్నగా పోయినంతసేపు బాగుంటాయి, మలుపులో కాగితం పక్కకి వంగదు కాబట్టి గోడని చించుకుంటూ వస్తాయి. దారమే మంచిది, పురికొస ఇంకా మంచిది. ఎక్కడ చిరుగుతుందంటే, ముడి వేసిన చోట. ఆ బలమంతా ఒక చిన్న కన్నం అంచు మీద పడుతుంది. కన్నం పెట్టాల్సిన చోట గోడకి లోపలా బయటా సెల్లోటేపు ముక్క అంటించి, అప్పుడు పొడవండి. దారం కొసని చిన్న ఉచ్చులా కట్టి, బయటినుంచి కన్నంలోకి దూర్చి, లోపల ఆ ఉచ్చులో మందు తీసేసిన అగ్గిపుల్ల ముక్క ఒకటి, రెండు సెంటీమీటర్లది, అడ్డంగా పెట్టండి. లాగినప్పుడు పుల్ల గోడకి అడ్డంగా ఆనుకుని బలాన్ని పంచుతుంది. అవతలి డబ్బాకీ ఇంతే. డబ్బాల మధ్య సందు 2 సెం.మీ. ఉండాలి. ఇంకా తక్కువైతే మలుపులో మూలలు రాసుకుంటాయి, ఎక్కువైతే ఆపినప్పుడు వెనకవి వచ్చి గుద్దుకుని అడ్డం తిరుగుతాయి.

బాబు లేచి వెళ్ళిపోవడం తప్పేమీ కాదండీ. ఆ వయసులో ఒకచోట కూర్చునేది పది, పదిహేను నిమిషాలే. గీయడం, ఒత్తు పెట్టడం, చీల్చడం చూస్తూ కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? డబ్బాలు మీరు ముందే సిద్ధం చేసి, మూడు పూటలుగా విడదీయండి. మొదటి పూట రంగులు, ముక్క చదునుగా ఉండగానే. డబ్బా నిలబెట్టాక క్రేయాను నొక్కితే గోడలు కుంగుతాయి. రెండో పూట చక్రాలు, కిటికీలు. మూడో పూట సరుకెక్కించి నడపడం. కిటికీలకి 2 × 1.5 సెం.మీ. ముక్కలు ఒక గోడకి మూడు సరిపోతాయి. వాడు మూడూ ఒకే మూలకి అంటిస్తే అంటించనివ్వండి, సరిచేయకండి. సరిచేసిన క్షణం నుంచి అది మీ రైలు అయిపోతుంది.

కత్తెర మొన మొద్దుగా ఉండాలి, పదును మాత్రం ఉండాలి. పదును లేకపోతే కాగితం తెగదు, రెండు పలకల మధ్య మడత పడి ఇరుక్కుంటుంది, పిల్లాడికి విసుగొస్తుంది. బొటనవేలు పైకి చూసేలా పట్టించండి. తిప్పాల్సింది కాగితాన్ని, కత్తెరని కాదు. బాబు ఎడమచేతి వాటమైతే మామూలు కత్తెరలో పై పలక గీతని కప్పేస్తుంది, వంకరగా కోస్తాడు. అది వాడి తప్పు కాదు, ఎడమచేతి కత్తెర దొరుకుతుంది. నాలుగేళ్ళకి తిన్నటి గీత కోయగలరు, గుండ్రం రాదు. చక్రాలు వాడే చేయాలనుకుంటే 27 మిల్లీమీటర్ల చదరం ఇచ్చి నాలుగు మూలలూ ఒక్కో కోతతో తీయమనండి. ఎనిమిది పలకల చక్రం వస్తుంది, నడవాల్సిన పని లేదు కదా, ముద్దుగానే ఉంటుంది. స్టాప్లరు వాడొద్దు, పిన్ను కొసలు వేళ్ళకి గుచ్చుకుంటాయి.

సరుకుకి నల్ల కాగితం ఉండలు చుట్టమంటే అది సింగరేణి బొగ్గు. ఉండలు చుట్టడం నాలుగేళ్ళ వాళ్ళకి అన్నిటికన్నా ఇష్టమైన పని. శనగలూ పూసలూ వద్దు, ముక్కులోకీ నోట్లోకీ పోతాయి. మూడేళ్ళలోపు తమ్ముడో చెల్లో ఇంట్లో ఉంటే మరీ వద్దు.

పాపకి ఆరున్నర కనుక తనకి నిజంగా తిరిగే చక్రాలు చేయించవచ్చు. చక్రానికి అట్టపెట్టె ముక్కలు రెండు పొరలు అంటించాలి. ఇరుసుకి కబాబు పుల్ల, 6.5 సెం.మీ.కి మీరు కోసి మొన తీసేయండి. చీపురు ఈనె పనికిరాదు, ఒక కొస లావు, ఒక కొస సన్నం, చక్రం జారిపోతుంది. పుల్ల తిరగడానికి గొట్టంలా స్ట్రా కావాలి. 2022 జూలై నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం కనుక దొరికేవి కాగితంవే, అదీ మంచిదే, ఫెవికాల్ పడుతుంది. 4 సెం.మీ. ముక్కలు రెండు డబ్బా అడుగున అడ్డంగా, ఒక్కోటి చివరనుంచి 2 సెం.మీ. లోపలికి అంటించండి. రెండు స్ట్రాలూ సమాంతరంగా లేకపోతే బండి ఎప్పుడూ ఒక పక్కకే పోతుంది. ఎగిరెగిరి నడుస్తోందంటే కన్నం నడిమధ్యలో లేదన్నమాట: 27 మిల్లీమీటర్ల కాగితం బిళ్ళని రెండుసార్లు సగానికి మడిస్తే మడతలు కలిసేదే మధ్య, దాన్ని అట్ట మీద పెట్టి అక్కడ పొడవండి. చక్రం పుల్లకి బిగుతుగా ఉండాలి, పుల్ల స్ట్రాలో వదులుగా ఉండాలి. జిగురు స్ట్రాలోకి కారితే ఇరుసు బిగుసుకుపోతుంది, అందుకే చక్రానికి బయటివైపే చుక్క పెట్టాలి. చక్రానికీ గోడకీ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు వదలండి.

పుట్టినరోజు సంగతి. ఎనిమిది మందికి ఎనిమిది డబ్బాలు, ఒకటి అదనం, అంటే మూడు ఏ4 ముక్కలు. పెద్ద చార్టు (22 × 28 అంగుళాలు) ఒక్కటి కొంటే 21 డబ్బాలు వస్తాయి. శనివారం రాత్రికే మడిచి అంటించి ఆరబెట్టేయండి. కన్నాలు, టేపులు, దారపు ఉచ్చులు కూడా సిద్ధంగా ఉండాలి. ముప్ఫయ్యారు చక్రాలు ఒక్కోటీ గీసి కోయకండి, చార్టు పట్టీని నాలుగు పొరలు వచ్చేలా మడిచి బిళ్ళ పెట్టి గీసి ఒకేసారి కోస్తే తొమ్మిది కోతలు. అంతకన్నా ఎక్కువ పొరలైతే కింది పొరలు జారి గుడ్డు ఆకారం వస్తుంది. ఆ రోజు పిల్లలకి మిగిలే పని చక్రాలు, కిటికీలు, డబ్బా మీద పేరు, బొగ్గు ఉండలు. ఇద్దరికి ఒక జిగురు మూత. రాయడం రాని పిల్లలకి పేరు పెన్సిలుతో చుక్కల్లో రాసి పెట్టండి, స్టేషన్ బోర్డులా పసుపు కాగితం మీద నల్ల అక్షరాలైతే ఇంకా బాగుంటుంది. మొత్తం ఇరవై నిమిషాలు. తర్వాత పది నిమిషాలు ఆరాలి, కేకు అప్పుడు కోయండి.

ఇంజను అక్కడ చేయించకండి, అందరికీ ఇంజనే కావాలి, ఏడుపులు మొదలవుతాయి. ముందే చేసి ఉంచి, ఇది పుట్టినరోజు ఇంజను, వరసలో అందరూ లాగుతారు అని చెప్పేయండి. లాగే దూరం హాల్లో ఒక గోడనుంచి ఇంకో గోడదాకా, అంతే. తొమ్మిది పెట్టెల బండి మలుపులో వెనక్కి లాగుతుంది కనుక పెద్ద మలుపే తిప్పించండి. ఇంటికి వెళ్ళేటప్పుడు దారం తెంపక్కర్లేదు, కత్తెరా అక్కర్లేదు. లోపలున్న అగ్గిపుల్ల లాగేస్తే ఉచ్చు జారి ఎవరి పెట్టె వాళ్ళకి విడిగా వచ్చేస్తుంది.